హద్దులే దాని బలం: ‘టెర్మినేటర్ 2’ ఇంకా ఎందుకు పాతబడలేదు

సైన్స్ ఫిక్షన్ సినిమాలకు ఒక శాపం ఉంది. భవిష్యత్తును చూపించిన సినిమాయే అన్నిటికంటే ముందు పాతబడిపోతుంది. అందులోని కంప్యూటర్లు నవ్వు తెప్పిస్తాయి. అది చెప్పిన తేదీ వచ్చి వెళ్లిపోతుంది. అప్పట్లో నోరెళ్లబెట్టి చూసిన గ్రాఫిక్స్ తర్వాతి తరానికి బొమ్మల్లా కనిపిస్తాయి. 1991 జూలై 3న అమెరికాలో విడుదలైన ‘టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే’కి కూడా ఇదే గతి పట్టాలి. అది చెప్పిన అణుయుద్ధ ప్రళయం 1997 ఆగస్టు 29న రావాలి, రాలేదు. అయినా సినిమా చెక్కు చెదరలేదు. విడుదలైన 32 ఏళ్ల తర్వాత, 2023లో, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చింది. ఇప్పటికీ యాక్షన్ సినిమాల గురించి మాట్లాడేవాళ్లు ఏదో ఒక మలుపులో దాని పేరు ఎత్తక తప్పదు.

కారణం అడిగితే చాలామంది ఠక్కున గ్రాఫిక్స్ అంటారు. పాదరసంలా కారిపోయి మళ్లీ మనిషైపోయే ఆ విలన్ అంటారు. కానీ గ్రాఫిక్సే కారణమైతే, అంతకంటే వంద రెట్లు ఎక్కువ గ్రాఫిక్స్ ఉన్న సినిమాలు వచ్చిన మరుసటి ఏడాదే ఎందుకు గుర్తుండటం లేదు? నా లెక్కలో అసలు కారణం వేరు. ఈ సినిమాలో ప్రతి విన్యాసానికీ ఒక హద్దు ఉంది. విలన్ ఏం చేయలేడో, హీరో ఏం చేయకూడదో ముందే గీత గీసి ప్రేక్షకుడికి చూపించారు. ఆ గీత దాటకుండా కథ నడిపారు. టెన్షన్ అంతా అక్కడి నుంచే పుట్టింది. ఆ తర్వాత వచ్చిన సీక్వెల్స్ ఒక్కొక్క గీతనే చెరిపేసుకుంటూ పోయాయి, వాటితో పాటే పలచబడ్డాయి.

కథ ఎక్కడ మొదలైందంటే

1984లో వచ్చిన మొదటి ‘టెర్మినేటర్’ చిన్న సినిమా. జేమ్స్ కామెరాన్ దాన్ని సుమారు 64 లక్షల డాలర్లతో తీశాడు. 2029లో మనుషులకూ యంత్రాలకూ యుద్ధం జరుగుతుంటుంది. యంత్రాలను నడిపేది స్కైనెట్ అనే కంప్యూటర్ వ్యవస్థ, మనుషులను నడిపేది జాన్ కానర్. యుద్ధంలో అతన్ని గెలవలేక, అసలు పుట్టకుండానే చేద్దామని స్కైనెట్ ఒక హంతక యంత్రాన్ని 1984కి పంపుతుంది. జాన్‌కి తల్లి కాబోయే సారాను చంపడం దాని పని. ఆమెను కాపాడటానికి అదే భవిష్యత్తు నుంచి కైల్ రీస్ అనే సైనికుడు వస్తాడు. అతను చనిపోయినా సారా బతుకుతుంది. జాన్‌కి తండ్రి ఆ రీసే.

రెండో సినిమా కథాకాలం 1995. జాన్‌కి పదేళ్లు. భవిష్యత్తు గురించి నిజం చెప్పినందుకు సారాను పిచ్చిదని ముద్ర వేసి ఆసుపత్రిలో బంధిస్తారు. పిల్లాడు వేరే వాళ్ల ఇంట్లో పెరుగుతుంటాడు. స్కైనెట్ ఈసారి నేరుగా అతని మీదికే టీ-1000 అనే కొత్త యంత్రాన్ని పంపుతుంది. అతన్ని కాపాడమని మనుషులు పంపింది కూడా ఒక యంత్రాన్నే. మొదటి సినిమాలో తల్లిని వెంటాడిన టీ-800 మోడలే అది. అదే ముఖం, అదే ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్.

ఎవరు చంపడానికి వచ్చారు, ఎవరు కాపాడటానికి వచ్చారు అన్నది సినిమా దాదాపు అరగంట పాటు దాచిపెడుతుంది. ఆర్నాల్డ్ బార్‌లోకి వెళ్లి బైకర్ల దగ్గర బట్టలు, బండి లాక్కుంటాడు. మరోపక్క పోలీసు యూనిఫాంలో ఉన్న సన్నటి మనిషి మర్యాదగా పిల్లాడి ఫోటో చూపించి ఆచూకీ అడుగుతుంటాడు. షాపింగ్ మాల్ వెనక నడవాలో ఇద్దరూ జాన్‌కి చెరో వైపు నిలబడే దాకా సంగతి బయటపడదు. ఆ ట్విస్టును ట్రైలర్లే ముందుగా చెప్పేశాయి. అయినా ఆ సీన్ ఇప్పటికీ పనిచేస్తుంది. అందులో బిగువంతా ఇరుకైన దారిలో ఆ ముగ్గురూ నిలబడిన తీరులో ఉంది మరి. పిల్లాడు మధ్యలో ఉన్నాడు, తప్పించుకునే తలుపు తెరుచుకోదు, రెండు వైపుల నుంచీ తుపాకులు లేస్తున్నాయి. ఆర్నాల్డ్ ఎవరివైపో తెలిసి చూసినా ఆ కొన్ని క్షణాలు ఊపిరి బిగుస్తుంది.

విలన్ చేయలేని పనులు

ఆర్నాల్డ్ గుమ్మం పట్టనంత మనిషి. అలాంటివాడు హీరో అయితే విలన్ అంతకంటే కండలు తిరిగినవాడై ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. కామెరాన్ దానికి ఎదురు వెళ్లాడు. టీ-1000గా వేసిన రాబర్ట్ పాట్రిక్ సన్నగా, మామూలుగా, రోడ్డు మీద ఎదురైతే రెండోసారి చూడాలనిపించనట్టు ఉంటాడు. నిజానికి మొదటి సినిమాకి కామెరాన్ అనుకున్నదే ఇది. జనంలో కలిసిపోయే మామూలు మనిషి రూపంలో హంతక యంత్రం ఉండాలని, ఆ వేషానికి లాన్స్ హెన్రిక్సన్ సరిపోతాడని అనుకున్నాడు. కైల్ రీస్ పాత్ర గురించి మాట్లాడటానికి వచ్చిన ఆర్నాల్డ్‌ని చూశాక లెక్క మారింది. ఆర్నాల్డ్ టెర్మినేటర్ అయ్యాడు, హెన్రిక్సన్ పోలీసు డిటెక్టివ్ వేషానికి వెళ్లాడు. ద్రవలోహంతో చేసిన యంత్రం అన్న ఊహ కూడా అప్పటిదే. తెరమీద చూపించే సాంకేతికత లేక దాన్ని పక్కన పెట్టారు. ఏడేళ్లు ఆగాక ఆ రెండు పాత ఆలోచనలూ కలిసి టీ-1000 అయ్యాయి.

ఏ రూపమైనా ధరించగల విలన్ రాసేవాడికి పెద్ద తలనొప్పి. ఏదైనా చేయగలిగితే ఇంక భయం ఏముంటుంది? వచ్చి చంపేస్తాడు, కథ అయిపోతుంది. సరిగ్గా ఈ ప్రశ్నే జాన్ సినిమాలో అడుగుతాడు: బాంబులా మారిపోయి నన్ను లేపేయొచ్చు కదా అని. టీ-800 చెప్పే జవాబులోనే విలన్ నియమావళి అంతా ఉంది. తనంత పరిమాణం ఉన్న వాటిగానే మారగలదు. తాకిన వాటినే అనుకరించగలదు. లోపల కదిలే భాగాలు, రసాయనాలు ఉండే తుపాకులూ బాంబులూ కాలేదు. కత్తుల్లాంటి గట్టి రూపాలు మాత్రం తయారు చేసుకోగలదు.

ఈ నాలుగు ముక్కలు విన్న తర్వాత ప్రేక్షకుడు సినిమా చూసే పద్ధతే మారిపోతుంది. టీ-1000 చంపాలంటే దగ్గరికి రావాలి. దూరం నుంచి కాల్చాలంటే ఎవరిదో తుపాకీ తీసుకోవాలి. వేగంగా రావాలంటే బండి కావాలి. అందుకే ఈ సినిమాలో ఛేజ్‌లన్నీ ‘ఎంత దూరం మిగిలింది’ అన్న ఒక్క ప్రశ్న మీద నడుస్తాయి. లాస్ ఏంజెలిస్ వరద కాలువలో పిల్లాడి బుల్లి బైకు వెనక పెద్ద ట్రక్కు పడినప్పుడు మనం చూసేది ఆ రెండింటి మధ్య ఖాళీనే. ఆసుపత్రి నుంచి కారు రివర్సులో పారిపోతుంటే టీ-1000 కాళ్ల మీదే పరిగెత్తుకొస్తుంది. పాట్రిక్ ముక్కుతోనే గాలి పీల్చుకుంటూ పరిగెత్తడం సాధన చేశాడు, అందుకే అతని ముఖంలో ఆయాసం కనపడదు. తుపాకీ పేలుస్తూ కళ్లార్పకుండా ఉండటం కూడా అలాగే నేర్చుకున్నాడు. రూపాయి ఖర్చు లేని ఎఫెక్టులు ఇవి. పెద్ద పెద్ద గ్రాఫిక్స్ కంటే ఇవే ఎక్కువ గుర్తుంటాయని నేను గట్టిగా చెప్పగలను.

విలన్ చావు కూడా అదే నియమం ప్రకారం వస్తుంది. అతను లోహం. లోహాన్ని బాగా చల్లబరిస్తే పెళుసుబారుతుంది, బాగా కాలిస్తే కరుగుతుంది. లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంత చల్లటి ద్రవం. అందులో తడిసి గడ్డకట్టిన టీ-1000 ఒక్క తూటాకి ముక్కలవుతుంది. కానీ వాళ్లున్నది ఉక్కు ఫ్యాక్టరీ. ఆ వేడికే ముక్కలు కరిగి మళ్లీ ఒకటవుతాయి. చివరికి కరిగిన ఉక్కు తొట్టిలో పడి పోతుంది. రహస్య కోడ్ లేదు, ఆఖరి నిమిషంలో దొరికిన బలహీనత లేదు. బడిలో సైన్స్ పాఠం విన్న ఎవరికైనా అర్థమయ్యే చావు.

అయిదు నిమిషాల గ్రాఫిక్స్

సినిమా నిడివి 137 నిమిషాలు. అందులో కంప్యూటర్‌తో చేసిన బొమ్మ తెరమీద ఉండేది అటూ ఇటుగా అయిదు నిమిషాలే. బడ్జెట్ సుమారు పది కోట్ల డాలర్లు, అప్పటికి అత్యంత ఖరీదైన సినిమాగా దానికి పేరు పడింది. అంత డబ్బున్నా గ్రాఫిక్స్‌ను పొదుపుగా వాడటానికి కారణం అప్పటి పరిమితులు. కంప్యూటర్ మెరిసే నున్నటి వస్తువుల్ని బాగా చూపించగలిగేది. చర్మం, జుట్టు, బట్ట లాంటివి దానికి అప్పటికి కష్టం. 1989లో ‘ది అబిస్’ కోసం కామెరాన్ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థతో నీటి స్తంభం ఒకటి చేయించాడు, అది మనిషి ముఖాన్ని అనుకరిస్తుంది. ఆ ప్రయోగం ఫలించడంతో అదే దారిలో లోహపు మనిషి సాధ్యమని తేలింది. కంప్యూటర్‌కి ఏది చేతనవుతుందో దాన్నే విలన్ ఒంటికి పదార్థంగా ఎంచుకున్నారన్నమాట. ఈ గ్రాఫిక్స్ ఇప్పటికీ పాతబడకపోవడానికి నాకు తెలిసిన సగం రహస్యం ఇదే. లోహం లోహంలాగే కనిపించాలి, కనిపించింది.

డెనిస్ మ్యూరెన్ నాయకత్వంలో అక్కడి బృందం పనిచేసిన పద్ధతి చాలా శ్రమతో కూడినది. పాట్రిక్ ఒంటి మీద నల్లటి గళ్ల గీతలు గీసి, అతన్ని నడిపించి, పరిగెత్తించి, ఒకేసారి రెండు కెమెరాలతో చిత్రీకరించారు. ఆ గళ్లు ఎలా వంగుతున్నాయో చూసి అతని నడకను కంప్యూటర్ బొమ్మకి ఇచ్చారు. వేరువేరుగా తయారైన శరీర భాగాలు కీళ్ల దగ్గర అతుకులు కనిపించకుండా కలవడానికి ఒక సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు, దాన్ని ‘బాడీ సాక్’ అని పిలిచేవాళ్లు. నటుడి బొమ్మను త్రీడీ రూపం మీద అతికించడానికి ‘మేక్ స్టికీ’ అని ఇంకొకటి. ఇనుప కడ్డీల మధ్య నుంచి టీ-1000 ముఖం జారుతూ దూరే సీన్ దాని చలవే.

ఆ సీన్‌లో ఇంకో చిన్న సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఒళ్లంతా కడ్డీల్లోంచి దాటిపోతుంది, చేతిలో తుపాకీ మాత్రం కడ్డీలకి తగిలి ఆగిపోతుంది. అది చెయ్యి తిప్పి తుపాకీని పక్కకి తిరగేసి లాక్కుంటుంది. తుపాకీ తన ఒంట్లో భాగం కాదని, అది కాలేదని మనకి ముందే చెప్పారు కదా. వేల గంటల కంప్యూటర్ పని చేసినవాళ్లు ఆ చిన్న ‘టక్’ చప్పుడు మర్చిపోలేదు. చప్పుడంటే గుర్తొచ్చింది, ఆ ద్రవలోహం జారే శబ్దానికి సౌండ్ డిజైనర్ గ్యారీ రైడ్‌స్ట్రామ్ వాడింది డబ్బాలోంచి కుక్కల ఆహారం జారిపడే చప్పుడు.

మిగిలిందంతా చేత్తో చేసిన పని. టీ-1000కి తూటా తగలగానే ఛాతీ మీద వెండి పువ్వులా విచ్చుకునే గాయం కంప్యూటర్ చేసింది కాదు. స్టాన్ విన్‌స్టన్ స్టూడియో స్ప్రింగులతో, మెరుగు పూసిన రబ్బరుతో తయారు చేసిన పరికరం అది. టీ-1000 ఎదుటి మనిషి రూపం ధరించే సీన్లలో అసలు కవలలనే తీసుకొచ్చారు. ఆసుపత్రి కాపలాదారు పాత్రకి కవల సోదరులు, సారా పక్కన ఇంకో సారా కనిపించాల్సిన చోట ఆ పాత్ర వేసిన లిండా హామిల్టన్ సొంత కవల సోదరి. క్లైమాక్స్ తీసిన ఉక్కు ఫ్యాక్టరీ కాలిఫోర్నియాలోని ఫాంటానాలో అప్పటికే మూతపడింది. ఆ చల్లటి షెడ్డుకి లైట్లతోనే కొలిమి వేడి తెప్పించారు. సైబర్‌డైన్ అనే కంప్యూటర్ కంపెనీ ఆఫీసుగా పేల్చిన భవనం ఫ్రీమాంట్‌లో నిజంగా కూల్చడానికి సిద్ధంగా ఉన్నది. హెలికాప్టర్ వంతెన కింద నుంచి దూసుకుపోయే షాట్ అబద్ధం కాదు, పైలట్ చక్ టాంబురో నిజంగానే నడిపాడు. అది చాలా ప్రమాదమని సిబ్బంది వెనక్కి తగ్గితే కామెరాన్ స్వయంగా కెమెరా పట్టుకున్నాడు. దీన్ని ధైర్యం అనాలో మొండితనం అనాలో నాకు తెలీదు. ఈ రోజుల్లో ఎవరూ చేయకూడని పని అని మాత్రం అంటాను.

ఈ కలగలుపు వల్ల జరిగేదేమిటంటే, ఏది కంప్యూటరో ఏది చేతి పనో కన్ను పట్టుకోలేదు. ఒకే సీన్‌లో ఒక షాట్ రబ్బరు, తర్వాతిది కంప్యూటర్, ఆ తర్వాత నటుడు. పసిగట్టేలోపే సీన్ ముందుకెళ్లిపోతుంది. ఆ ఏటి సినిమాలకిచ్చిన ఆస్కార్లలో విజువల్ ఎఫెక్ట్స్, మేకప్, సౌండ్, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్ నాలుగూ దీనికే వచ్చాయి.

చంపకూడదన్న మాట

హీరోకి గీసిన గీత ఇంకా ఘాటైనది. టెర్మినేటర్ అంటేనే అంతం చేసేది. ఆ యంత్రానికి పదేళ్ల పిల్లాడు మనుషుల్ని చంపొద్దని ఆజ్ఞ వేస్తాడు. ఎందుకు చంపకూడదని అది అడుగుతుంది. జాన్ దగ్గర జవాబు ఉండదు. చంపకూడదంతే, నన్ను నమ్ము అంటాడు. నాకు ఈ సినిమా మొత్తంలో ఇదే గట్టి సీన్. నీతిబోధ చేయడానికి మంచి అవకాశం వచ్చినా రచయితలు వదిలేశారు. చంపకూడదని అందరికీ తెలుసు, ఎందుకో యంత్రానికి నచ్చజెప్పడం మాత్రం పిల్లాడికే కాదు, పెద్దలకీ కష్టమే.

యాక్షన్ సినిమాగా చూస్తే ఈ ఆజ్ఞ దర్శకుడి చేతులు కట్టేస్తుంది. అప్పటి ఆర్నాల్డ్ సినిమాల్లో శవాలు లెక్కపెట్టడం కష్టం. ఇక్కడ అతను ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారుని మోకాళ్లలో కాల్చి, బతుకుతాడులే అన్నట్టు జాన్‌కి చెబుతాడు. సైబర్‌డైన్ భవనం కిటికీలోంచి పెద్ద మెషిన్ గన్‌తో వరసగా పోలీసు కార్లను తునాతునకలు చేస్తాడు. ఆ వెంటనే అతని కంటితెర మీద ప్రాణనష్టం సున్నా అని కనిపిస్తుంది. విధ్వంసం చూసిన సరదా ప్రేక్షకుడికి దక్కుతుంది, పాత్ర ఇచ్చిన మాట నిలబడుతుంది. రెండూ ఒకే షాట్‌లో.

దీనికి అద్దంలా సారా పాత్ర నడుస్తుంది. మొదటి సినిమాలో ఆమె హోటల్లో వడ్డించే మామూలు అమ్మాయి. ఇక్కడ మొదటిసారి కనిపించేటప్పటికి మంచం కాలికి వేలాడుతూ కసరత్తు చేస్తుంటుంది. హామిల్టన్ దీనికోసం ఇజ్రాయెల్ మాజీ కమాండో దగ్గర నెలల తరబడి శిక్షణ తీసుకుంది. ఆ కండల గురించే అందరూ మాట్లాడారు. నాకు మాత్రం ఆమె నటనలో గొప్పదనం ఆ కండల లోపల ఎండిపోయిన మనిషిని చూపించడంలో ఉందనిపిస్తుంది. తనని విడిపించడానికి ప్రాణాలకు తెగించి వచ్చిన కొడుకుని దగ్గరికి లాక్కుంటుంది. ముద్దు చేయబోతోందని వాడు అనుకుంటాడు. ఆమె గాయాలేమైనా ఉన్నాయేమోనని ఒళ్లు తడిమి చూస్తుంటుంది, పైగా ఎందుకు వచ్చావని తిడుతుంది. కొడుకంటే ఆమెకి కాపాడాల్సిన ఆస్తి అయిపోయాడు.

ఎడారిలో ఆగినప్పుడు జాన్, యంత్రం ఆడుకోవడం ఆమె దూరం నుంచి చూస్తుంది. ఈ యంత్రం వాణ్ని ఎప్పుడూ వదిలిపోదు, తాగొచ్చి కొట్టదు, తీరిక లేదనదు, తండ్రి స్థానానికి వచ్చినవాళ్లలో ఇదొక్కటే పనికొచ్చిందనుకుంటుంది. సరిగ్గా ఆ తర్వాతే ఆమె తుపాకీ తీసుకుని, స్కైనెట్ పుట్టుకకి కారణం కాబోయే ఇంజినీరుని చంపడానికి ఒంటరిగా బయల్దేరుతుంది. చీకట్లో అతని ఇంటి మీదకి ఎర్రటి లేజర్ చుక్క పాకుతుంది. మొదటి సినిమాలో టెర్మినేటర్ ఆమె మీద గురిపెట్టింది అలాంటి చుక్కతోనే. యంత్రం చంపడం మానేసిన సినిమాలో మనిషి టెర్మినేటర్ అయింది. పెళ్లాం, చిన్న కొడుకు కళ్లముందే ఆ మనిషి నేలమీద పాకుతుంటే ట్రిగ్గర్ నొక్కలేక కూలబడిపోతుంది. ద్రవలోహం రూపాలు మార్చుకోవడం కంటే ఈ ఇద్దరూ చోట్లు మార్చుకోవడమే అసలు ట్రాన్స్‌ఫర్మేషన్.

2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద మంది హీరోలు, విలన్ల జాబితా వేసినప్పుడు టెర్మినేటర్‌కి రెండు వైపులా చోటు దక్కింది. మొదటి సినిమాకి విలన్లలో 22వ స్థానం, రెండో సినిమాకి హీరోల్లో 48వ స్థానం.

అన్నీ బాగున్నాయని అనను. జాన్ యంత్రానికి వీధి భాష నేర్పే జోకులు కొన్ని తేలిపోయాయి. జాన్ వేషం వేసిన ఎడ్వర్డ్ ఫర్లాంగ్ అరుపులు అక్కడక్కడా చెవుల్లో గుచ్చుకుంటాయి. సారా గొంతుతో వచ్చే వ్యాఖ్యానం కళ్లకి కనిపిస్తున్నదాన్నే మళ్లీ చెబుతుంది.

కాలం ముడి

ఈ సినిమా గురించి ఎక్కువగా వాదులాడుకునే విషయం ఇదే కాబట్టి కాస్త విప్పి చూద్దాం. ఇందులో రెండు ముడులున్నాయి. మొదటిది జాన్ పుట్టుక. అతను భవిష్యత్తు నుంచి పంపిన రీసే అతని తండ్రి. యంత్రం సారాను చంపడానికి రాకపోతే రీస్ రాడు, రీస్ రాకపోతే జాన్ పుట్టడు. రెండోది స్కైనెట్ పుట్టుక. 1984లో నలిగిపోయిన టెర్మినేటర్ చెయ్యి, పగిలిన చిప్ సైబర్‌డైన్ కంపెనీకి దొరుకుతాయి. మైల్స్ డైసన్ అనే ఇంజినీరు ఆ చిప్ చూసి కొత్త రకం ప్రాసెసర్ కనిపెడతాడు, దాని మీదే స్కైనెట్ తయారవుతుంది, ఆ స్కైనెట్టే టెర్మినేటర్‌ని పంపుతుంది. అయితే ఆ చిప్ డిజైన్ మొదట ఎవరి బుర్రలో పుట్టింది? ఎవరి బుర్రలోనూ లేదు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే.

మొదటి సినిమాలో ఈ చక్రం పూర్తిగా మూసుకుని ఉంటుంది. చరిత్రను మార్చాలని చేసిన ప్రయత్నమే ఆ చరిత్రను సృష్టిస్తుంది. రెండో సినిమా చక్రాన్ని తెంచొచ్చు అంటుంది. చిప్పునీ చేతినీ పరిశోధననంతా నాశనం చేస్తే ప్రళయం రాదు. తర్కం పట్టుకుంటే ఇక్కడే కాలు జారుతుంది. స్కైనెట్ పుట్టకపోతే రీస్‌ని ఎవరు పంపారు, జాన్ ఎలా ఉన్నాడు? సినిమా జవాబు చెప్పదు.

దీన్ని లోపం అనేవాళ్లతో నేను పూర్తిగా విభేదించను గానీ, సినిమా నడుస్తున్నంత సేపూ ఇది ఎందుకు అడ్డు రాదో గమనించాలి. కాలప్రయాణం ఇందులో పాత్రల చేతిలో ఆయుధం కాదు. వచ్చినవాళ్లు వచ్చారు, తిరిగి వెళ్లే దారి లేదు, ఇంకోసారి ప్రయత్నించే వీలు లేదు. సినిమాలోని మూడో పెద్ద హద్దు ఇది. ఎవరైనా చనిపోతే వెనక్కెళ్లి బతికించే సౌకర్యం లేనప్పుడు ప్రతి నిర్ణయానికీ బరువుంటుంది. మనం చేసుకునేదే తప్ప రాసిపెట్టి ఉన్నదేదీ లేదన్న కబురు రీస్ నోటి ద్వారా సారాకి చేరింది. దాన్నే ఆమె కత్తితో బల్ల మీద చెక్కి లేచి వెళుతుంది. వెళ్లేది మాత్రం హత్య చేయడానికి! విధిని నమ్మనివాళ్లు మంచిపనులే చేస్తారని సినిమా హామీ ఇవ్వదు.

సినిమా వచ్చిన సమయం కూడా కలిసొచ్చింది. 1984లో అణుయుద్ధం అంటే అమెరికా, సోవియట్ యూనియన్ మధ్య నిత్యం ఉన్న భయం. 1991 నాటికి ఆ భయం కరుగుతోంది. రష్యావాళ్లు ఇప్పుడు మన మిత్రులే కదా, వాళ్ల మీద స్కైనెట్ దాడి ఎందుకని జాన్ సినిమాలోనే అడుగుతాడు. వాళ్లు తిరిగి కొట్టే దెబ్బకి ఇక్కడి శత్రువులు చస్తారని స్కైనెట్‌కి తెలుసు అంటుంది యంత్రం. సినిమా విడుదలైన నెల చివర్లోనే, జూలై 31న, రెండు దేశాలూ అణ్వాయుధాలు తగ్గించుకునే స్టార్ట్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. శత్రుదేశం అన్న కారణం పాతబడింది. మనం చేసుకున్న యంత్రమే మీట నొక్కుతుందన్న కారణం పాతబడలేదు.

అందుకే ఇప్పుడు చూస్తే అన్నిటికంటే కొత్తగా కనిపించేది డైసన్ పాత్ర. జో మోర్టన్ వేసిన ఈ ఇంజినీరు దుర్మార్గుడు కాదు. తెలివైనవాడు, పనిరాక్షసుడు, ఆదివారం కూడా కంప్యూటర్ ముందే ఉంటాడు. చిప్ ఎక్కడి నుంచి వచ్చిందని కంపెనీని అడిగితే అడగొద్దన్నారు, అతను ఊరుకున్నాడు. తాను చేస్తున్న పని మూడు వందల కోట్ల మందిని చంపుతుందని తెలిసిన మరుక్షణం ప్రాజెక్టంతా తగలబెట్టడానికి ఒప్పుకుంటాడు, ఆ పనిలోనే ప్రాణం వదులుతాడు. నేర్చుకునే కంప్యూటర్లు తయారుచేసేవాళ్ల గురించి ఈ రోజు జరుగుతున్న చర్చలో డైసన్ లాంటివాళ్లే ఎక్కువ. చెడ్డ ఉద్దేశం ఉండదు, ప్రశ్న అడిగే అలవాటూ ఉండదు.

సీక్వెల్స్ చెరిపేసినవి

2003, 2009, 2015, 2019 సంవత్సరాల్లో నాలుగు సీక్వెల్స్ వచ్చాయి. వాటికి డబ్బు తక్కువై కాదు, సాంకేతికత తక్కువై అసలే కాదు. 2003 నాటిది ప్రళయాన్ని ఆపలేరు, వాయిదా మాత్రమే వేయగలరని చెప్పింది. ముగింపు పరంగా అది ధైర్యమైనదే, కానీ డైసన్ చావు, సారా పోరాటం అన్నీ దండగైపోయాయి. 2015 నాటిది పాత కథలోకే దూరి 1984ని తిరగరాసింది. వెనక్కెళ్లి ఏదైనా మార్చొచ్చని తెలిశాక ఏ చావుకీ బరువు లేదు. కామెరాన్ నిర్మాతల్లో ఒకడిగా తిరిగొచ్చిన 2019 సినిమా మొదటి నిమిషాల్లోనే జాన్‌ని చంపేసింది. కొత్త విలన్లకి ఒక్కొక్కసారి ఒక్కో శక్తి కలిపారు: ఇతర యంత్రాలను నడిపించగలదు, రెండుగా విడిపోగలదు అంటూ. చేయగలిగినవి పెరిగాయి, చేయలేనివి ఏమిటో ఎవరూ చెప్పలేదు. వాటిలో 2003 సినిమాలో క్రేన్ ఛేజ్ మాత్రం నాకు ఇప్పటికీ నచ్చుతుంది, కారణం అక్కడ నిజమైన బండి నిజమైన గోడల్ని గుద్దుతుంది.

ఏ వెర్షన్ చూడాలి?

థియేటర్లలో వచ్చింది 137 నిమిషాలది. 1993లో లేజర్‌డిస్క్ మీద 153 నిమిషాల స్పెషల్ ఎడిషన్ వచ్చింది. కలిపిన వాటిలో ఒకటి చాలా విలువైనది. టీ-800 తల తెరిచి చిప్ బయటకు తీసే సీన్. ఒంటరిగా పంపే యంత్రాలు ఎక్కువ ఆలోచించకుండా స్కైనెట్ వాటి నేర్చుకునే శక్తిని ఆపి పంపుతుందని ఇందులో తెలుస్తుంది. చిప్ చేతిలోకి రాగానే సారా దాన్ని సుత్తితో పగలగొట్టబోతుంది, జాన్ అడ్డుపడతాడు. తల్లి మాటని కొడుకు మొదటిసారి ఎదిరించేది ఇక్కడే. సీన్ అంతా అద్దం ముందు జరుగుతుంది, కానీ అక్కడ అద్దం లేదు. అది ఒక కిటికీ లాంటి ఖాళీ. ఇవతల ఆర్నాల్డ్ బొమ్మ, హామిల్టన్ కవల సోదరి. అవతల అసలు ఆర్నాల్డ్, అసలు హామిల్టన్. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి చేతుల కదలికను ఒకరు అచ్చుగుద్దినట్టు చేశారు.

తీసేసిన వాటిలో పనికిరానిది కూడా ఒకటుంది. మొదట తీసిన ముగింపులో 2029లో ముసలి సారా పార్కులో కూర్చుని ఉంటుంది, జాన్ సెనేటర్ అయి తన కూతురితో ఆడుకుంటుంటాడు. ప్రళయం రాలేదని అంత తేటతెల్లంగా చెప్పేస్తే, గెలిచామో లేదో తెలియని భయం పోతుంది. విడుదలకి ముందు కొద్దిమందికి వేసి చూపించాక దాన్ని తీసేశారు, మంచి పని చేశారు. మొదటిసారి చూసేవాళ్లు 137 నిమిషాలదే చూడండి, దాని వేగం ఇంకో వెర్షన్‌కి లేదు. చిప్ సీన్ తర్వాత విడిగా వెతుక్కుని చూడొచ్చు. పార్కు సీన్ చూడకపోయినా పోయేదేమీ లేదు.